రిటైరవుతున్న ఒమేగా సభ్యుడికి ఆర్ట్ ప్రింటు: కొనేముందు ఏం చూడాలి, ఫ్రేము ఎలా కట్టించాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మేరీలాండ్‌లో మీ టీములో చాలామంది తెలుగువాళ్లు. మీ మేనేజరు గారు నవంబరులో రిటైరవుతున్నారు. ఆయన ఒమేగా సై ఫై ఫ్రెటర్నిటీ (అమెరికా కాలేజీల్లో పుట్టిన ఒక నల్లజాతి సోదర సంఘం) సభ్యుడు. అందరూ కలిసి 500 డాలర్లు పోగుచేశారు. ఆన్‌లైన్‌లో 45 డాలర్ల పోస్టరు ఒకటి, ఒక చిత్రకారుడి దగ్గర 225 డాలర్లకు సంతకం, నంబరు ఉన్న ప్రింటు ఒకటి చూశారు. రెండింటికీ తేడా ఏమిటి, ఏది కొనాలి అని అడిగారు.

225 డాలర్లదే కొనండి, కాకపోతే కింద చెప్పే పరీక్షలన్నీ అయ్యాకే. బొమ్మ అందంగా ఉందా అన్నది తర్వాతి సంగతి, ముందు చూడాల్సింది అందులోని వివరాలు సరిగ్గా ఉన్నాయా లేదా అని. శుభలేఖ మీద ఇంటిపేరు తప్పు పడితే కాగితం ఎంత ఖరీదైనదైనా ఏం లాభం? ఇదీ అంతే. ఆ రంగులు, ఆ అక్షరాలు, ఆ సంవత్సరం ఆయనకు ఏళ్ల తరబడి కంఠతా వచ్చినవి. తప్పుంటే మొదటి చూపులోనే కనిపెడతారు. మొహమాటానికి థాంక్స్ చెబుతారు గానీ గోడకు మాత్రం తగిలించరు.

ఈ సంఘాలను మన కాలేజీ అసోసియేషన్ల లెక్కన చూడొద్దు. చదువు అయిపోయినా సభ్యత్వం పోదు, బతికినంత కాలం ఉంటుంది. ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు వేరే గ్రాడ్యుయేట్ చాప్టర్లు, అంటే శాఖలు, ఉంటాయి. తెల్లవాళ్ల సంఘాలు నల్లజాతి విద్యార్థులను దగ్గరికి రానివ్వని రోజుల్లో పుట్టినవి ఇవి. మొత్తం తొమ్మిది, కలిపి డివైన్ నైన్ అంటారు. వీటి ఉమ్మడి వేదిక నేషనల్ పాన్ హెలెనిక్ కౌన్సిల్ 1930లో హోవార్డ్ యూనివర్సిటీలో ఏర్పడింది. తొమ్మిదిలో మొదటిది ఆల్ఫా ఫై ఆల్ఫా, 1906 డిసెంబరు 4న కార్నెల్‌లో మొదలైంది, రంగులు నలుపు, పాత బంగారు వన్నె. ఆల్ఫా కప్పా ఆల్ఫా 1908లో హోవార్డ్‌లో పుట్టిన సొరారిటీ (మహిళల సంఘం), సాల్మన్ గులాబీ, యాపిల్ పచ్చ. కప్పా ఆల్ఫా సై 1911 జనవరిలో ఇండియానా యూనివర్సిటీలో, డెల్టా సిగ్మా థీటా 1913లో హోవార్డ్‌లో పుట్టాయి. ఈ రెండింటి రంగులూ క్రిమ్సన్ ఎరుపు, క్రీమే కాబట్టి రంగు చూసి కొంటే ఒకరిది ఇంకొకరికి చేరుతుంది. ఫై బీటా సిగ్మా 1914, జీటా ఫై బీటా 1920, రెండూ హోవార్డ్‌లోనే, రెండింటికీ రాయల్ బ్లూ, తెలుపు. సిగ్మా గామా రో 1922లో ఇండియానాపొలిస్‌లోని బట్లర్ యూనివర్సిటీలో పుట్టింది, రాయల్ బ్లూ, బంగారు రంగు. అయోటా ఫై థీటా 1963లో బాల్టిమోర్‌లోని మోర్గన్ స్టేట్‌లో పుట్టింది, ముదురు గోధుమ, బంగారు రంగు.

మీకు కావలసిన ఒమేగా సై ఫై పుట్టింది 1911 నవంబరు 17న, హోవార్డ్ సైన్స్ హాల్లో. ఇప్పుడు దాన్ని థర్కీల్డ్ హాల్ అంటారు. రంగులు రాయల్ పర్పుల్, ఓల్డ్ గోల్డ్, అంటే గాఢమైన ఊదా, పాత బంగారు వన్నె. వ్యవస్థాపకులు నలుగురు: ఎడ్గర్ లవ్, ఆస్కర్ కూపర్, ఫ్రాంక్ కోల్మన్ అనే ముగ్గురు విద్యార్థులు, వాళ్లకు అండగా నిలిచిన జీవశాస్త్ర అధ్యాపకుడు ఎర్నెస్ట్ ఎవరెట్ జస్ట్. వ్యవస్థాపకుల బొమ్మ అని చెప్పి ముగ్గురినే వేస్తే ఆ ప్రింటు పనికిరాదు. నలుగురినీ ఒకే వయసు కుర్రాళ్లలా వేసినా తప్పే, జస్ట్ అప్పటికే అధ్యాపకుడు. నాలుగు మూలసూత్రాలు మ్యాన్‌హుడ్, స్కాలర్‌షిప్, పర్సివరెన్స్, అప్‌లిఫ్ట్. బొమ్మలో ఇవి రాసి ఉంటే ఒక్కో పదం స్పెల్లింగు, వరస సరిచూడండి.

అక్షరాల దగ్గర తరచూ జరిగే తప్పు ఒకటుంది. గ్రీకు ఫై అక్షరం చోట అడ్డగీత కొట్టిన సున్నా పెడతారు, కంప్యూటర్లో అది తేలిగ్గా దొరుకుతుంది కాబట్టి. ఫై అక్షరంలో గీత నిలువుగా, మధ్యలో ఉండాలి. వాలుగా ఉంటే అది వేరే భాష అక్షరం. సై అక్షరం త్రిశూలంలా ఉంటుంది నిజమే, కానీ మొనలకు బాణపు ములుకులు ఉండవు. ఈమధ్య ఏఐతో తయారైన బొమ్మలు సంతల్లో కుప్పలుగా వస్తున్నాయి. వాటిలో చొక్కా మీది అక్షరాలు ఒకచోట ఒకలా, పక్కవాడి మీద ఇంకోలా ఉంటాయి, వేళ్లు లెక్క తప్పుతాయి. ప్రతి సంఘానికీ తనదైన చేతిగుర్తు ఉంది కాబట్టి వేళ్ల దగ్గర తప్పు పోతే మొత్తం బొమ్మే పోయినట్టు. మీరు చెప్పిన 45 డాలర్ల పోస్టరును ముందుగా ఈ కంటితో చూడండి. చిత్రకారుడి పేరు లేకుండా, ఒకే భంగిమలో తొమ్మిది సంఘాలకూ రంగు మార్చి అమ్ముతుంటే వదిలేయండి.

చాప్టరు పేరు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఇక్కడ జరిగే పొరపాటు మనసు నొప్పిస్తుంది. చాప్టర్లకు గ్రీకు అక్షరాల పేర్లుంటాయి. ప్రింటు మీద గానీ ఫ్రేము పలక మీద గానీ పేరు వేయించేటప్పుడు, ఫ్రెటర్నిటీ పేరు ఒమేగా కదా అని కొందరు ‘ఒమేగా చాప్టర్’ అని రాయిస్తారు. ఒమేగా చాప్టర్ అంటే కాలం చేసిన సభ్యుల చాప్టర్. బతికున్న మనిషి పేరు పక్కన ఆ మాట రాయడమంటే ఆయన పోయారని ప్రకటించినట్టే. ఆల్ఫాల్లోనూ ఇదే మాట, కప్పాలు చాప్టర్ ఇన్విజిబుల్ అంటారు, డెల్టాలు ఒమేగా ఒమేగా అంటారు, ఆల్ఫా కప్పా ఆల్ఫా వాళ్లు ఐవీ బియాండ్ ద వాల్ అంటారు. వీటిలో ఏదైనా ఉన్న ప్రింటు దొరికితే అది స్మృతిచిహ్నంగా వేసినది, రిటైర్మెంటుకు ఇవ్వకూడదు.

కాబట్టి ఆయన భార్య దగ్గరో, ఆయన ఫ్రెటర్నిటీ మిత్రుల దగ్గరో నాలుగు సంగతులు కనుక్కోండి: ఏ కాలేజీలో చేరారు, ఏ చాప్టరు, ఏ సెమిస్టరు (వాళ్లు ‘స్ప్రింగ్ 84’ అన్నట్టు చెబుతారు), లైన్‌లో ఆయన నంబరు ఎంత. ఒకేసారి చేరిన బృందాన్ని లైన్ అంటారు, వరసలో నిలబడిన స్థానమే నంబరు. మొదటివాడు ఏస్, చివరివాడు టెయిల్. ఈ నంబరు తెలిస్తే ఎడిషన్‌లో (ఒకే బొమ్మకు లెక్కపెట్టి నంబర్లు వేసిన మొత్తం కాపీల్లో) అదే నంబరు ప్రింటు మిగిలి ఉందేమో చిత్రకారుణ్ణి అడగండి. లైన్ నంబరు 7 అయితే 7/250 ప్రింటు, అంటే 250 కాపీల్లో ఏడోది, ఆయనకు మిగతా 249 కంటే విలువైనది, అదనంగా అయ్యే ఖర్చు తరచుగా ఏమీ ఉండదు.

తర్వాత కాలదోషాలు. హోవార్డ్ అనగానే అందరూ గడియారపు గోపురం ఉన్న ఫౌండర్స్ లైబ్రరీ వేస్తారు. అది 1939 నాటి కట్టడం. యూనివర్సిటీకి గుర్తుగా వేస్తే సరే, 1911 నాటి స్థాపన దృశ్యం వెనకాల వేస్తే తప్పు. ఆయన చేరింది వేరే కాలేజీలో అయితే హోవార్డ్ దృశ్యం ఉండొచ్చు, అది సంఘం పుట్టినిల్లు కదా. అయితే ఆయన సొంత కాలేజీ క్యాంపస్‌లో ఫ్రెటర్నిటీకి కేటాయించిన స్థలం, ప్లాట్ అంటారు, దాని బొమ్మ దొరికితే ఇంకా మంచిది.

కుక్క బొమ్మ సంగతి జాగ్రత్త. ఒమేగాలను క్యూలు అనీ, సరదాగా క్యూ డాగ్స్ అనీ అంటారు. బుల్‌డాగ్ బొమ్మలతో, బంగారు రంగు బూట్లతో ఉన్న ప్రింట్లు ఎన్నో. అది అధికారిక చిహ్నం కాదు, పాత తరం సభ్యుల్లో చాలామందికి నచ్చదు. చర్మం మీద వేసుకున్న ముద్రలు, చెక్క ప్యాడిల్ (తెడ్డులాంటి పలక) ఉన్న బొమ్మలు కూడా రిటైర్మెంటు బహుమతికి వద్దు. 1990లో ఈ సంఘాలన్నీ పాత ప్లెడ్జింగ్ పద్ధతిని (కొత్తగా చేరేవాళ్లను పరీక్షలు పెట్టి చేర్చుకోవడాన్ని) అధికారికంగా మానేశాయి, ప్యాడిల్ చూస్తే కొందరికి గుర్తొచ్చేది చేతిపని కాదు, దెబ్బలు. నా సలహా: వారసత్వం చూపే బొమ్మ ఎంచుకోండి. ఒమేగా సభ్యుల్లో కార్టర్ వుడ్సన్ ఉన్నాడు, 1926లో నీగ్రో హిస్టరీ వీక్ మొదలుపెట్టినవాడు, ఇవాళ్టి బ్లాక్ హిస్టరీ మంత్ దాన్నుంచే పెరిగింది. రక్తనిధుల వ్యవస్థకు దారి వేసిన డాక్టర్ చార్లెస్ డ్రూ, కవి లాంగ్‌స్టన్ హ్యూస్ ఉన్నారు. వీళ్లను కూర్చిన ప్రింటు ఆయన ఆఫీసుగదిలోనైనా, హాల్లోనైనా దర్జాగా ఉంటుంది.

సంఘం డాలు చిహ్నం ఉన్న ప్రింటైతే అమ్మేవాళ్లకు ఫ్రెటర్నిటీ జాతీయ కార్యాలయం ఇచ్చిన లైసెన్సు ఉందా అని సూటిగా అడగండి. 1929కి ముందు అచ్చయిన ఫొటోల మీద అమెరికాలో కాపీరైటు తీరిపోయింది, వాటి ఆధారంగా ఎవరైనా బొమ్మ గీయొచ్చు. అక్షరాలు, డాలు మాత్రం ట్రేడ్‌మార్కులు, వాడకంలో ఉన్నంతకాలం హక్కు పోదు. లైసెన్సు లేని సరుకు కొని ఇస్తే, పుచ్చుకునే ఆయనే ఇబ్బంది పడతారు. ఇంకో మర్యాద: సభ్యులు కానివాళ్లు ఆ అక్షరాలు ఒంటిమీద వేసుకోకూడదు. సభ్యుడికి బహుమతిగా ఇవ్వడం సరే, పార్టీ రోజు టీమంతా ఊదా టీషర్టుల మీద అక్షరాలు కొట్టించుకుని రావడం మాత్రం వద్దు.

ఇక అచ్చు. 10 రెట్లు పెద్దది చేసే భూతద్దం పది, పదిహేను డాలర్లకు దొరుకుతుంది. లేత రంగు ఉన్నచోట పెట్టి చూడండి. నాలుగు రంగుల చుక్కలు పువ్వుల్లా క్రమంగా పేర్చినట్టుంటే అది ఆఫ్‌సెట్, అంటే ప్రెస్సులో వేసే మామూలు అచ్చు. చుక్కలు ఇసక చల్లినట్టు అడ్డదిడ్డంగా ఉంటే ఇంక్‌జెట్, దీన్నే బజార్లో జిక్లే అంటారు. చుక్కలే లేకుండా రంగు మందంగా, అంచు కాస్త లేచినట్టు ఉంటే స్క్రీన్ ప్రింటు. 1980లు, 90లలో సంతకం, నంబరుతో వచ్చిన నల్లజాతి చిత్రకారుల ప్రింట్లలో ఎక్కువ భాగం మందపాటి కాగితం మీది ఆఫ్‌సెట్లే, కాబట్టి ఆఫ్‌సెట్ అన్నంత మాత్రాన మోసం అనుకోకండి. ‘లితోగ్రాఫ్’ అని చెప్పి, రాయి మీద చేత్తో తీసినదన్న ధర అడిగితేనే మోసం.

ఒమేగా ప్రింట్లకు ఊదా రంగే గండం. మామూలు నాలుగు రంగుల అచ్చులో ఊదా అంటూ విడిగా సిరా ఉండదు, సయాన్ నీలం, మెజెంటా కలిస్తేనే వస్తుంది. ఆ పాళ్లు కాస్త తప్పితే ఒకవైపు నీలానికి, ఇంకోవైపు వంకాయరంగుకు జారుతుంది. ఫోనులో వెలిగిపోయే ఊదా కాగితం మీద అచ్చు కానే కాదు, అంత గాఢత ఆ సిరాలకు అందదు. పైగా చవక డై సిరాల్లో మెజెంటా వెలుతురుకు త్వరగా వెలుస్తుంది, నీలం మిగులుతుంది. రాయల్ బ్లూ ఎవరి రంగు? అదే హోవార్డ్‌లో పుట్టిన ఫై బీటా సిగ్మాది. కిటికీ ఎదురుగా కొన్నేళ్లు వేలాడిన చవక ఒమేగా పోస్టరు సిగ్మా రంగులోకి మారిపోతుందంటే అర్థం చేసుకోండి.

అందుకని చిత్రకారుణ్ణి ఇలా అడగండి: పిగ్మెంట్ సిరాలేనా (కరిగే డై కాకుండా, సన్నని రంగు రేణువులతో చేసినవి), ఎన్ని రంగుల ప్రింటరు, అందులో వయొలెట్ సిరా విడిగా ఉందా? స్క్రీన్ ప్రింటయితే ఊదాను ఒకే విడి రంగుగా కలిపి వేశారా? బంగారు వన్నె సంగతీ ఇంతే. ఇంక్‌జెట్‌లో లోహపు మెరుపు రాదు, ఆవపిండి రంగు వస్తుంది. నిజంగా మెరవాలంటే మెటాలిక్ సిరాతో స్క్రీన్ వేయాలి, లేదా ఫాయిల్ అద్దాలి. సరుకు అందగానే పగటి వెలుతురులో ఒకసారి, పసుపు బల్బు కింద ఒకసారి చూడండి. రెంటిలోనూ ఊదా ఊదాగానే కనిపించాలి, బల్బు కింద మరీ గోధుమరంగుకు తిరిగితే అది ఆయన హాల్లో రోజూ అలాగే ఉంటుంది.

కాగితం నూరు శాతం పత్తిది, చదరపు మీటరుకు 300 గ్రాముల పైన ఉండాలి, తెల్లదనం కోసం కలిపే బ్రైటెనర్లు లేనిది. బ్రైటెనర్లు కాలక్రమంలో శక్తి కోల్పోయి కాగితం పసుపెక్కుతుంది. అతినీలలోహిత టార్చి వేస్తే బ్రైటెనర్లున్న కాగితం నీలంగా మెరుస్తుంది. ఈ సంఘాల పాత కన్వెన్షన్ల (మహాసభల) ప్రింట్లు సేకరించేవాళ్లకు ఇది ఇంకా పనికొస్తుంది: ఈ బ్రైటెనర్లు కాగితంలోకి వచ్చింది సుమారు 1950 నుంచి, కాబట్టి ‘1920ల నాటిది’ అని అమ్ముతున్న ముక్క టార్చి కింద మెరిస్తే అది తర్వాత వేసినదే.

మీ చిత్రకారుడు పంపింది 16×20 అంగుళాల బొమ్మ అనుకుందాం. దానికి కనీసం 4800×6000 పిక్సెళ్ల ఫైలు కావాలి. అంతకు తక్కువైతే ముఖాల అంచులు పీచు పీచుగా కనిపిస్తాయి. నంబరు, సంతకం బొమ్మ కింద మార్జిన్లో పెన్సిలుతో ఉండాలి: ఎడమన 42/250 లాంటి భిన్నం, కుడిన సంతకం. సంతకం కూడా అచ్చులోనే ఉంటే, అంటే భూతద్దంలో చుక్కలు కనిపిస్తే, అది నంబరు వేసిన ప్రింటు కిందికి రాదు. ఏ.పి. అని ఉంటే ఆర్టిస్టు ప్రూఫ్, ఎడిషన్‌లో సాధారణంగా పదో వంతు దాకా ఉంటాయి. తప్పక అడగాల్సిన ప్రశ్న ఇది: ఇదే బొమ్మ వేరే సైజులో, క్యాన్వాస్ మీద ఇంకో ఎడిషన్‌గా వచ్చిందా? కాగితం మీద 250, క్యాన్వాస్ మీద 100, చిన్న సైజులో అపరిమితం అయితే అది నిజానికి పరిమిత ఎడిషన్ కాదు. న్యూయార్క్, కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాల్లో ఇలాంటి వివరాలు కొనేవాళ్లకు రాతపూర్వకంగా ఇవ్వాలని చట్టాలే ఉన్నాయి. మీరూ కాగితం మీద అడిగి తీసుకోండి. సర్టిఫికెట్‌లో చిత్రకారుడి పేరు, శీర్షిక, సంవత్సరం, అచ్చు పద్ధతి, కాగితం, మొత్తం ఎడిషన్, మీ ప్రింటు నంబరు, చేతి సంతకం ఉండాలి.

ప్రింటు గొట్టంలో చుట్టి వస్తే గొట్టం వ్యాసం 3 అంగుళాలకు తక్కువ కాకూడదు. సన్న గొట్టంలో బిగించి చుడితే పిగ్మెంట్ పొర సన్నగా పగులుతుంది. రాగానే తీసి, పైన పల్చని గ్లాసిన్ కాగితం పరిచి, బల్ల మీద ఒకటి రెండు రోజులు చదునుగా ఉంచండి. ఎదురు చుట్టి సరిచేయాలని చూడొద్దు. చేతులు కడిగి బాగా ఆరాక అంచులు మాత్రమే పట్టుకోండి. మెరుపులేని కాగితం మీద ఇంక్‌జెట్ ఊదా ముదురుగా ఉన్నచోట గోరు తగిలినా తెల్ల గీత పడుతుంది, అది పోదు.

ఫ్రేము షాపువాడికి మొదటి మాటగా ‘డ్రై మౌంట్ వద్దు’ అని చెప్పండి. వేడితో జిగురు పట్టించి అట్టకు అతికిస్తే ప్రింటు చదునుగా ఉంటుంది నిజమే, కానీ తిరిగి ఊడదీయలేం, సేకరణ విలువ అక్కడితో పోతుంది. జపాన్ కాగితపు చిన్న పట్టీలు, గోధుమ పిండి జిగురుతో పై అంచున రెండు చోట్ల మాత్రమే తగిలించాలి. మామూలు టేపు వాడితే కొన్నేళ్లకు గోధుమరంగు మరక ముందువైపుకు తేలుతుంది. వెనక అట్ట, బొమ్మ చుట్టూ చట్రంలా కోసి పెట్టే అట్ట (మ్యాటు) నూరు శాతం పత్తివి కావాలి. మ్యాటు కోత సంతకాన్ని, నంబరును కప్పకుండా కింద అర అంగుళం ఖాళీ వదలాలి, ఇది రాసి ఇవ్వండి, లేకపోతే షాపులో బొమ్మ అంచుకే కోసేస్తారు. అద్దం అతినీలలోహిత కిరణాలను 99 శాతం ఆపేది తీసుకోండి, మామూలు అద్దం సగం కూడా సరిగ్గా ఆపదు. అద్దానికీ ప్రింటుకూ మధ్య మ్యాటో, స్పేసరో ఉండాలి, తగిలితే తేమకు అతుక్కుపోతుంది. మ్యాటు రంగు ఊదా పెట్టాలన్న కోరిక వదులుకోండి, అచ్చు ఊదాకు అట్ట ఊదా ఎప్పుడూ కలవదు, పక్కపక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మీగడ తెలుపు మ్యాటు, సన్నని పాత బంగారు వన్నె ఫ్రేము చాలు.

పేరు, చాప్టరు, సెమిస్టరు చెక్కించాలనుకుంటే ఫ్రేము కింది పట్టీ మీద చిన్న ఇత్తడి పలక వేయించండి, ప్రింటు మీద ఒక్క అక్షరం కూడా రాయొద్దు. పలక అక్షరాలు చెక్కించేముందు ఆయన ఫ్రెటర్నిటీ మిత్రుడికి నమూనా ఫొటో పంపి సరే అనిపించుకోండి. సర్టిఫికెట్‌ను ప్రింటు వెనక అతికించకుండా కవర్లో పెట్టి, ఫ్రేము వెనక మూసే కాగితం మీద తగిలించాలి. మీరందరూ సంతకాలు చేసే కార్డు కూడా అందులోనే పట్టేస్తుంది.

డబ్బు లెక్క: ప్రింటు 225, ఈ పద్ధతిలో ఫ్రేము సుమారు 230 నుంచి 260, పలక కొద్దిపాటి. 500కు అటూ ఇటూగా సరిపోతుంది, మించేలా ఉంటే ఫ్రేము మోడల్ తగ్గించండి, అద్దం, అట్ట విషయంలో తగ్గొద్దు. ఆర్డరు మీద అచ్చు వేసేవాళ్లకు రెండు వారాలు, ఫ్రేముకు మూడు వారాలు పడుతుంది. అక్టోబరంతా హోంకమింగ్ (పూర్వ విద్యార్థులు కాలేజీకి తిరిగొచ్చే పండగ) సందడి, చిత్రకారులు ఊళ్లు తిరుగుతూ స్టాళ్లు పెట్టుకునే నెల, ఈమెయిళ్లకు జవాబు ఆలస్యమవుతుంది. సెప్టెంబరు చివరికల్లా ఆర్డరు ఇవ్వండి. రిటైర్మెంటు పార్టీ తేదీ ఇంకా ఖాయం కాకపోతే నవంబరు 17 దగ్గరపడే రోజు చూడండి, అది వాళ్ల ఫౌండర్స్ డే. సరిగ్గా 17నే పెడితే మాత్రం ఆయన చాప్టరు కార్యక్రమంలో ఉంటారు, ఒకరోజు ముందు పెట్టుకోండి.